తన్నే గుర్రం మనసు తెలిసిన మనిషి – జాన్ రేరీ



మన సంచికలో ప్రతి ఏడూ మహనీయుల జీవితాలు వేసుకుంటాం. బాబాసాహెబ్ అంబేద్కర్ గురించి, జ్యోతిబా ఫూలే గురించి, గుర్రం జాషువా గారి గురించి మీలో ఎవరో ఒకరు ఈసారి కూడా రాసే ఉంటారు. నేను పశువుల ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి కాబట్టి నా పనికి దగ్గరైన ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఆయన పేరు జాన్ సోలమన్ రేరీ. నూట అరవై ఏళ్ళ కిందట అమెరికాలోనూ, యూరప్ లోనూ ఆ పేరు తెలియనివాళ్ళు తక్కువ. తన్నే గుర్రాన్ని, కరిచే గుర్రాన్ని కొరడా లేకుండా దారికి తెచ్చినవాడిగా ఆయన ప్రసిద్ధి. మన హాస్టల్ సంచికకు ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానో చివర చెబుతాను.

రేరీ 1827 డిసెంబరు 6న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, గ్రోవ్‌పోర్ట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి పేరు ఆడం రేరీ.  ఆ రోజుల్లో ట్రాక్టరు లేదు, లారీ లేదు. పొలం దున్నాలన్నా, బరువు లాగాలన్నా, ఒక ఊరి నుంచి మరో ఊరికి పోవాలన్నా గుర్రమే దిక్కు. మన తాతల కాలంలో ఎడ్లు ఎంత ముఖ్యమో అక్కడ గుర్రాలు అంత ముఖ్యం. అందువల్ల గుర్రాలను లొంగదీసేవాళ్ళకు మంచి గిరాకీ ఉండేది.

అయితే లొంగదీసే పద్ధతి మాత్రం ఘోరంగా ఉండేది. పిల్లగుర్రాన్ని పట్టి, కట్టి, కొరడాతో కొట్టి, అది అలిసి చతికిలబడేదాకా ఎక్కి తోలేవారు. అది తంతే ఇంకా కొట్టేవారు. కొట్టేకొద్దీ అది ఇంకా తన్నేది. చివరికి గుర్రమైనా నడుం విరిగి పనికిరాకుండా పోయేది, మనిషి కాలైనా విరిగేది.

రేరీ ఈ వాతావరణంలోనే పెరిగాడు. పన్నెండేళ్ళ వయసుకే గుర్రాలను మచ్చిక చేయడంలో నేర్పు సంపాదించాడని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. పెద్దవాళ్ళు కొరడా పట్టుకుంటే ఈ కుర్రవాడు గుర్రాన్ని చూస్తూ కూర్చునేవాడు. ఏ వస్తువును చూస్తే అది బెదురుతుంది, బెదిరినప్పుడు ముందుగా ఏం చేస్తుంది, ఎప్పుడు శాంతిస్తుంది అని గమనించేవాడు. ఆయన సంపాదించిన విద్యంతా ఇలా గమనించగా వచ్చిందే.

ఇక్కడ గుర్రం స్వభావం గురించి రెండు మాటలు చెప్పాలి. అది తెలియకపోతే రేరీ గొప్పతనం అర్థం కాదు. గుర్రం గడ్డి తిని బతికే జంతువు. పులి, తోడేలు వంటివాటికి అది ఆహారం. అందుకే ప్రమాదం అనిపించగానే అది చేసే మొదటి పని పరుగెత్తడం. పరుగెత్తడానికి దారి లేనప్పుడు తంతుంది. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. కానీ ముక్కుకు సరిగ్గా ఎదురుగా కొంచెం మేర, తోకకు సరిగ్గా వెనక కొంచెం మేర కనిపించదు. ఆ కనిపించని చోటు నుంచి ఎవరైనా చప్పుడు లేకుండా వచ్చి చేయి వేస్తే, వచ్చినవాడు యజమానో తోడేలో దానికి తెలియదు. ముందు కాలు లేస్తుంది, తరువాతే తల తిరుగుతుంది.

గుర్రం తన్నడానికి భయం ఒక్కటే కారణం కాదు. నొప్పి ఉన్నా తంతుంది. జీను ఒరుసుకుని వీపు మీద పుండు పడ్డా, గిట్టలో బాధ ఉన్నా, ముట్టుకుంటే ఊరుకోదు. కడుపునొప్పి వస్తే తన పొట్టను తానే తన్నుకుంటుంది. పిల్ల ఉన్న తల్లిగుర్రం పిల్ల దగ్గరికి ఎవర్నీ రానివ్వదు. దాణా తినేటప్పుడు పక్క గుర్రం మీద కాలు విసిరేవి ఉంటాయి. రోజంతా నాలుగు గోడల మధ్య కట్టేస్తే విసుగుతో గోడను తన్నేవి ఉంటాయి. బయటికి అన్నీ ఒకటే తాపు. లోపల కారణం వేరు వేరు. కారణం కనుక్కోకుండా అన్నింటికీ కొరడాయే మందు అనుకోవడం అన్ని జ్వరాలకూ ఒకే బిళ్ళ ఇచ్చినట్టు.

రేరీ 1856లో తన అనుభవాన్ని ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. అందులో ఆయన చెప్పిన మూల సూత్రాలు మూడు. మొదటిది, గుర్రానికి పూర్తిగా అర్థమయ్యేలా, దాని స్వభావానికి తగ్గట్టుగా ఏ పని చెప్పినా అది ఎదురు తిరగదు. రెండోది, గుర్రానికి తన బలం ఎంతో తనకు తెలియదు, అనుభవంలోకి వచ్చినంత మేరకే తెలుస్తుంది. మూడోది, ఎంత భయంకరమైన వస్తువునైనా గుర్రం తన పద్ధతిలో పరీక్షించి చూసుకోనిస్తే, దానివల్ల నొప్పి కలగకపోతే, ఇక దానికి భయపడదు.

ఈ మూడో సూత్రాన్ని ఆయన ఆచరణలో ఇలా చూపేవాడు. ఒక దున్నతోలు దుప్పటి తెచ్చి గుర్రానికి దూరంగా పట్టుకునేవాడు. గుర్రం బెదిరితే అక్కడే ఆగేవాడు. అది తనంతట తాను మూతి చాచి వాసన చూసేదాకా వేచి ఉండేవాడు. తరువాత దుప్పటిని మెడకు మెల్లగా రాసేవాడు, ఆ తరువాత భుజానికి, వీపుకు, చివరికి వెనక కాళ్ళకు. కొంతసేపటికి ఆ దుప్పటిని వీపు మీదికి విసిరినా గుర్రం కదిలేది కాదు. గొడుగుతోనూ, డ్రమ్ముతోనూ ఇలాగే అలవాటు చేసేవాడు. గుర్రం దగ్గరికి వెళ్ళే మనిషికి భయమూ ఉండకూడదు, కోపమూ ఉండకూడదని ఆయన గట్టిగా నమ్మాడు. గుర్రాలకు అంటుకునే చెడ్డ అలవాట్లలో చాలా భాగం మనుషుల తెలివితక్కువ వల్ల వచ్చినవేనని కూడా ఆయన అభిప్రాయం.

సొంత రాష్ట్రంలో పేరు వచ్చాక రేరీ కెనడా వెళ్ళాడు. అక్కడి సైనికాధికారులు ఆయన పని చూసి, ఇంగ్లండులోని పెద్దలకు పరిచయ ఉత్తరాలు ఇచ్చారు. 1857 చివరలో ఆయన ఇంగ్లండు చేరాడు. అప్పటికి వయసు ముప్పయ్యేళ్ళు. చూడడానికి సన్నగా, మర్యాదగా ఉండే ఈ పల్లెటూరి అమెరికన్ మొదట సైన్యం గుర్రాల మీద తన విద్య చూపాడు. 1858లో విండ్సర్ లో విక్టోరియా రాణి, ఆమె భర్త ఆల్బర్ట్ ఎదుట ప్రదర్శన ఇచ్చాడు. దాంతో పత్రికలన్నీ ఆయన గురించే రాశాయి.

పేరు పెరిగితే పరీక్షలూ పెరుగుతాయి. నిజంగా అంత మొనగాడైతే క్రూయిజర్ ను లొంగదీయమని కొందరు సవాలు చేశారు. క్రూయిజర్ డార్చెస్టర్ ప్రభువు గారి మేలుజాతి పందెపు గుర్రం. హాంప్‌షైర్ జిల్లాలోని మరెల్ గ్రీన్ లో ఉండేది. ఇంగ్లండు మొత్తం మీద అంత ప్రమాదకరమైన గుర్రం లేదని అప్పట్లో చెప్పుకునేవారు. మనిషి అలికిడి అయితే చాలు, అరుస్తూ మీదికి దూకేది. శాలలోని చెక్కలను తన్ని ముక్కలు చేసేది. మూడేళ్ళుగా దాని మీద ఎవరూ స్వారీ చేయలేదు. కరవకుండా దాని మూతికి ఎనిమిది పౌన్ల ఇనుప చిక్కం బిగించారు. అంటే మూడున్నర కిలోల పైమాటే. మన ఎడ్లకు నూర్పిడి రోజుల్లో కాసేపు కట్టే తాటి చిక్కానికే అవి ఎంత చిరాకుపడతాయో చూసినవాళ్ళకు, ఆ ఇనుప బరువు మోసిన జంతువు స్థితి ఊహించడం కష్టం కాదు.

1858 ఏప్రిల్ లో రేరీ దాని శాలకు వెళ్ళాడు. కొరడా తీసుకుపోలేదు. ఆయన దగ్గర ఉన్నవి రెండు తోలు పట్టీలు. మొదటి పట్టీతో గుర్రం ఎడమ ముందుకాలిని మోకాలి దగ్గర మడిచి కట్టేవాడు. మూడు కాళ్ళ మీద నిలబడ్డ గుర్రం సరిగా తన్నలేదు, మీదికి దూకలేదు. రెండో పట్టీతో కుడి ముందుకాలిని కూడా పైకి లాగేవాడు. గుర్రం కొంతసేపు పెనుగులాడి మోకాళ్ళ మీద ఆగి, చివరికి పక్కకు పడుకునేది. అసలు పని అప్పుడు మొదలయ్యేది. పడుకున్న గుర్రం తలను, మెడను, పొట్టను, కాళ్ళను మెల్లగా నిమురుతూ, మాట్లాడుతూ కూర్చునేవాడు. అంత నిస్సహాయంగా ఉన్నప్పుడు కూడా ఈ మనిషి తనను బాధపెట్టడం లేదని గుర్రానికి తెలిసేలా చేయడమే ఆయన ఉద్దేశం.

మూడు గంటల్లో క్రూయిజర్ మారిపోయింది. రేరీ దాని మీద స్వారీ చేశాడు. డార్చెస్టర్ ప్రభువు కూడా ఎక్కాడు. తరువాత రేరీ ఆ గుర్రాన్ని లండన్ తీసుకువెళ్ళి వేలాదిమంది ముందు చూపించాడు. నేల మీద పడుకుని, ఒకప్పుడు చెక్కలు విరగ్గొట్టిన అదే వెనకకాలి గిట్టను తీసి తన తల మీద పెట్టుకునేవాడు. జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. లండన్ జంతు ప్రదర్శనశాలలోని జీబ్రాను కూడా ఆయన మచ్చిక చేశాడు. గుర్రం కంటే జీబ్రాను లొంగదీయడం చాలా కష్టమని తెలిసినవాళ్ళు దానికే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

ఆయన జీవితంలో మెచ్చుకోదగినవే కాదు, ఆలోచించదగినవి కూడా ఉన్నాయి. లండన్ లో ఆయన తన విద్యను రహస్యంగా అమ్మాడు. ఒక్కొక్కరి దగ్గర పది గినీలు తీసుకుని, ఎవరికీ చెప్పమని సంతకం చేయించుకుని నేర్పేవాడు. పెద్ద పెద్ద ప్రభువులు, సైనికాధికారులు వందల సంఖ్యలో డబ్బు కట్టి నేర్చుకున్నారు. ఇంతలో ఆయన అమెరికాలో వేసిన చిన్న పుస్తకాన్నే లండన్ లోని ఒక ప్రచురణకర్త అచ్చు వేసి ఆరు పెన్నీలకు అమ్మకానికి పెట్టాడు. రహస్యం బజారుకెక్కింది. సంతకాలు చేసినవాళ్ళను మాట నుంచి విడుదల చేయక తప్పలేదు. అందరూ ఇక రేరీ పని అయిపోయిందనుకున్నారు. కానీ జనం ఆయన్ను చూడడానికి వస్తూనే ఉన్నారు. పుస్తకం ఎవరైనా కొనుక్కోవచ్చు, ఓపిక మాత్రం ఎవరికి వారు అలవరచుకోవలసిందే కదా.

ఆయనకు ముందు ఐర్లండులో సల్లివన్ అనే గుర్రాల మాంత్రికుడు ఉండేవాడు. గుర్రం చెవిలో ఏదో మంత్రం చెబుతాడని జనం నమ్మేవారు. అతడు తన విద్యను ఎవరికీ పూర్తిగా చెప్పకుండానే 1810లో చనిపోయాడు. ఆ విద్య అతనితోనే పోయింది. రేరీ విద్య మాత్రం ఆ ఆరు పెన్నీల పుస్తకం పుణ్యమా అని సామాన్య రైతులకూ, బండి తోలేవాళ్ళకూ అందింది. ఆయన పేరు మీద ఇంగ్లీషులో గుర్రాన్ని మచ్చిక చేయడం అనే అర్థంలో ఒక కొత్త క్రియాపదమే పుట్టింది.

ఆ తరువాత రేరీ యూరప్ లోని అనేక రాజధానులు తిరిగి ప్రదర్శనలు ఇచ్చి, 1860 చివరలో క్రూయిజర్ ను వెంటబెట్టుకుని స్వదేశం చేరాడు. 1861లో న్యూయార్క్ లో ప్రదర్శనలు ఇచ్చాడు. అంతలో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. 1862లో ప్రభుత్వం ఆయన్ను సైన్యంలోని గుర్రాల స్థితిని పరిశీలించి నివేదిక ఇవ్వమని కోరింది. ఆ తరువాత ఆయన ఆరోగ్యం దెబ్బతింది. పక్షవాతం వచ్చింది. 1866 అక్టోబరు 4న క్లీవ్‌లాండ్ లో కన్నుమూశాడు. అప్పటికి ఇంకా నలభై ఏళ్ళు కూడా నిండలేదు.

క్రూయిజర్ ఆయన తరువాత తొమ్మిదేళ్ళు బతికి 1875లో గ్రోవ్‌పోర్ట్ లోనే చనిపోయింది. ఈనాటికీ ఆ ఊరి బడిపిల్లల ఆటల జట్లకు క్రూయిజర్స్ అనే పేరు ఉంది. దేశమంతా చెడ్డదని వెలివేసిన గుర్రం పేరు చొక్కా మీద వేసుకుని ఆ పిల్లలు ఆడుతున్నారు.

రేరీ చెప్పినదంతా ఈనాడు యథాతథంగా పాటించాలా అంటే, అక్కర్లేదు. గుర్రాన్ని పట్టీలతో కట్టి పడుకోబెట్టే పద్ధతిని ఇప్పటి శిక్షకులు, పశువైద్యులు చాలామంది ఒప్పుకోరు. అలా పడిన గుర్రం శాంతించిందో, ఇక చేసేదేమీ లేదని ఆశ వదులుకుందో చెప్పడం కష్టమని వారి వాదన. అది సబబైన వాదనే. అయితే కొట్టడం వల్ల తాపు పోదు, కారణం వెతకాలి, భయపడేదాన్ని కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి అని ఆయన చెప్పింది నేటికీ నిలిచింది.

ఇప్పుడు తన్నే గుర్రం వస్తే మొదట నొప్పి ఏమైనా ఉందా అని వీపు, కాళ్ళు, గిట్టలు, పొట్ట పరీక్షించాలి. నొప్పి ఉంటే దానికి వైద్యం చేయాలి. తరువాత అది ఇచ్చే హెచ్చరికలు చూడాలి. తన్నే ముందు చాలా గుర్రాలు చెవులు వెనక్కి అణుస్తాయి, తోక విసురుతాయి, ఒక కాలు తేలిక చేస్తాయి. దగ్గరికి వెళ్ళేటప్పుడు దూరం నుంచే పిలిచి, అది తల తిప్పి చూశాక, భుజం వైపు నుంచి వెళ్ళాలి. చేయి మొదట భుజం మీద వేసి, తీయకుండా మెల్లగా వెనక్కి జరపాలి. కాలు ముట్టనివ్వని గుర్రానికి పొడవాటి కర్ర చివర మెత్తటి గుడ్డ చుట్టి, దూరంగా నిలబడి కాలికి తాకించాలి. కాలు కదపకుండా ఉన్న క్షణంలోనే కర్ర తీసేయాలి. తన్నుతున్నప్పుడు తీసేస్తే, తంతే పని జరుగుతుందని అది నేర్చుకుంటుంది. దాణా కోసం గోడ తన్నే గుర్రానికి తన్నుతున్నప్పుడే దాణా పెడితే అలవాటు ముదురుతుంది. కట్టేసి ఉంచినదాన్ని బయట తిప్పాలి, మేత ఎక్కువసేపు అందుబాటులో ఉంచాలి. ఎప్పుడో తన్నినదానికి తరువాత కొడితే ఎందుకు కొట్టారో దానికి తెలియదు, మనిషి అంటే భయం మాత్రం మిగులుతుంది. తమ్ముళ్ళారా, తన్నే అలవాటున్న గుర్రం దగ్గరికి తెలిసినవాళ్ళు లేకుండా మీరు మాత్రం వెళ్ళకండి. ఒక్క తాపు చాలు ప్రాణం పోవడానికి.

ఇక మొదట ఇచ్చిన మాట. నేను ఈ హాస్టల్లో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు ఆరో తరగతిలో ఒక పిల్లవాడు చేరాడు. పగలు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. రాత్రి నిద్రలో ఎవరైనా తాకితే కాళ్ళు ఝాడించి తన్నేవాడు. తెల్లవారుజామున స్టడీకి లేపబోయినవాళ్ళకు దెబ్బలు తగిలేవి. వాడికి మేం గుర్రం అని పేరు పెట్టాం. కావాలనే దుప్పటి లాగి, వాడు తన్నితే నవ్వేవాళ్ళం. లాగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పదో తరగతి అన్న ఒకాయన ఇది చూసి మమ్మల్ని కోప్పడలేదు. ఒక రాత్రి వాడి మంచం పక్కన కాస్త ఎడంగా కూర్చుని కబుర్లు చెప్పాడు. రెండు రాత్రులు వాడు మాట్లాడలేదు. మూడో రాత్రి చెప్పాడు. బడికి రాకముందు వాడు రెండేళ్ళు ఒకచోట పనికి ఉన్నాడు. అక్కడ తెల్లవారుజామున వాణ్ణి కాలితో తన్ని లేపేవారట. నిద్రలో ఒంటి మీద ఏది పడినా వాడికి ఆ కాలే.

మరుసటి రోజు నుంచి ఆ అన్న ఒక పద్ధతి పెట్టాడు. వాణ్ణి ఎవరూ తాకకూడదు. మంచానికి నాలుగడుగుల దూరంలో నిలబడి పేరు పెట్టి పిలవాలి. కళ్ళు తెరిచి చూశాకే దగ్గరికి వెళ్ళాలి. పేరంటే వాడి అసలు పేరు, మేం పెట్టింది కాదు. దీపావళి సెలవుల నాటికి వాడు తన్నడం మానేశాడు. సంక్రాంతికి మాతో కబడ్డీ ఆడాడు.

ఆ అన్నకు రేరీ ఎవరో తెలియదు. నాకూ ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. పుస్తకంలో క్రూయిజర్ మూతికున్న ఇనుప చిక్కం గురించి చదివిన రోజు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ మంచం, మేం లాగిన దుప్పటి. ఆ తమ్ముడు ఈ సంచిక చదువుతుంటే, ఇన్నేళ్ళకు ఇక్కడి నుంచే క్షమించమని అడుగుతున్నాను.

ఈ ఏడాది కూడా మన హాస్టల్లో కొత్త పిల్లలు చేరి ఉంటారు. వారిలో తన్నేవాడు, కరిచేవాడు, అన్నం పళ్ళెం విసిరేవాడు ఒకడైనా ఉంటాడు. వాడికి పేరు పెట్టేముందు, కాస్త దూరంగా కూర్చుని, వాడి అసలు పేరుతో పిలిచి చూడండి.